రంగూను నుంచి కంచరపాలెం వచ్చిన దేవుళ్ళు

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "కాందిశీకులు, విశ్వాసం, సంస్కృతి". నాకు ఫోన్ చేసినప్పుడు వాళ్ళ మనసులో టిబెట్టో, పాలస్తీనానో, ఉక్రెయినో ఉండుంటుంది. నేను అంత దూరం పోను. ఇదే విశాఖలో, కంచరపాలెంలో, బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. ఆ పేరు వినగానే మీలో సగంమందికి ఖౌస్వే, ఆ బర్మా నూడుల్స్, గుర్తొస్తుంది. తప్పేం లేదు, నాకూ నోరూరుతుంది. నేను పుట్టి పెరిగింది అక్కడే. బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. దేశ విభజన పాఠం వచ్చినప్పుడల్లా పంజాబు గురించి చెప్పాను, బెంగాల్ గురించి చెప్పాను. మా ఇంటి సంగతి మాత్రం పిల్లలెవరూ అడగలేదు, సిలబస్సులో కూడా లేదు. ఆ బాకీ ఇవాళ మీ మీద తీర్చుకుంటాను.

ముందు కొంచెం చరిత్ర, గబగబా చెప్పేస్తాను.

ఉత్తరాంధ్ర కూలివాడికి ఒకప్పుడు హైదరాబాదు పరాయి రాజ్యం, ఇప్పుడు మయన్మార్ అంటున్న బర్మాలోని రంగూను తెలిసిన ఊరు. భీమిలి, కళింగపట్నం, బారువ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లుండేవి. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. టిక్కెట్టు అతనిదే, పని చూపించేదీ అతనే, కూలిలో కోసుకునేదీ అతనే. రంగూను రేవులో బస్తాలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో దుమ్ము మింగినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు చాలావరకు మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూను నగరంలోనైతే సగానికి పైగా మనవాళ్ళే.

సొంత ఊళ్ళో తామే తక్కువైపోతే ఎవరికి మాత్రం బాగుంటుంది? ఈ మాట మనవాళ్ళ గురించి చెప్పేటప్పుడు కూడా దాచకూడదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు జీతం కోసం సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తెగి మనవాళ్ళు మళ్ళీ పనిలోకి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఇక కత్తులు లేచాయి. రెండు పేదల గుంపులు తన్నుకు చచ్చాయి, ఓడలు మాత్రం ఆగలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అక్కడున్న మనవాళ్ళు ఇంట్లోంచి కదలకుండానే పరదేశంలో ఉన్నవాళ్ళయిపోయారు.

1941 డిసెంబరు 23న రంగూను మీద జపాన్ బాంబులు పడ్డాయి. అక్కణ్ణుంచి నెలల తరబడి జనం నడిచారు. కొందరు టౌంగప్ కనుమ మీదుగా అరకాను తీరానికి, కొందరు టము మీదుగా మణిపూరుకు, ఇంకొందరు హుకాంగ్ లోయ మీదుగా అస్సాంకు. మొత్తం నాలుగైదు లక్షల మంది అంటారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు, సరైన లెక్క ఎవరూ రాయలేదు. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి పెట్టారని అప్పట్లోనే పెద్ద గొడవైంది. ఇంకో సంగతి చూడండి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదే జపాన్ బాంబులు పడ్డాయి. రంగూనులో బాంబులు తప్పించుకుని ఇక్కడికి చేరినవాళ్ళు అప్పటికే కొందరున్నారు. వాళ్ళేమనుకున్నారో ఊహించుకోండి.

మా వాళ్ళు నడవలేదు. మా ముత్తాత కుటుంబంతో రంగూను వదిలి లోపలి పల్లెకు పోయి, యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడు. మా అమ్మమ్మకు అప్పటికి పదేళ్ళ వయసుంటుంది. ఆవిడ పెళ్ళి, పురుళ్ళు అన్నీ అక్కడే. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. చదువులేని కూలీల్లో చాలామంది పెట్టుకోలేదు. ఏటేటా ఫీజు కట్టి విదేశీయుల రిజిస్ట్రేషను కార్డు మీద బతికారు. 1962 మార్చిలో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాడు. ఏడాది తిరక్కుండానే బ్యాంకులు, ఆ తర్వాత దుకాణాలు, అన్నీ సర్కారువయ్యాయి. 1964 మే 17న యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. నోట్లు చెల్లకపోవడమంటే ఏమిటో 2016 తర్వాత నేను మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆపై ఓడలు నడిచాయి. లక్షన్నరకు పైగా జనం మద్రాసులో, విశాఖలో, కలకత్తాలో దిగారు. రంగూను రేవులో పుస్తెలు కూడా విప్పించుకున్నారని మా ఇంట్లో చెప్పుకునేవారు. అమ్మమ్మ పసుపుకొమ్ము కట్టుకుని విశాఖ రేవులో దిగింది.

చరిత్ర ఇంతే. ఇక అసలు సంగతికొస్తాను.

ప్రభుత్వం బర్మా కాందిశీకులకు ఏమీ చెయ్యలేదని నేననను. స్థలాలిచ్చింది, అప్పులిచ్చింది, కొందరికి ఉద్యోగాలూ ఇచ్చింది. రైల్వే, రేవు, షిప్‌యార్డు ఉన్న ఊరు కాబట్టి కాయకష్టం చేసేవాడికి ఇక్కడ పని దొరికింది. లోటు ఇంకోచోట ఉంది. "మీ దేశానికి మీరొచ్చారు, ఇంకేం కావాలి?" అన్నది అందరి మాట. అందులో ద్వేషం లేదు, ప్రేమే ఉంది. కానీ సొంత దేశానికి వచ్చినవాడు ఏమీ పోగొట్టుకోనట్టే లెక్క. ఏడవడానికి వాడికి హక్కు లేదు. మా అమ్మమ్మ ఈ దేశాన్ని మొదటిసారి చూసింది ఓడ దిగిన రోజునే. ఆవిడ పుట్టిన ఊరు, నీళ్ళాడిన ఏరు, స్నేహితురాళ్ళు, మొక్కుకున్న గుళ్ళు అన్నీ సముద్రానికి అవతలే ఉన్నాయి. ఇక్కడున్నది వాళ్ళ నాన్న చెప్పిన ఊరి పేరు ఒక్కటే. ఆ ఊరు వెళితే దాయాదులు భోజనం పెట్టారు, రెండోరోజు భూమి సంగతి ఎత్తవద్దని చెప్పి పంపేశారు.

మణిపూరులో, సరిగ్గా బర్మా సరిహద్దు మీద, మోరే అని ఊరుంది. అక్కడ తమిళులున్నారు, పెద్ద అంగాళ పరమేశ్వరి గుడి ఉంది. ఆ మూలకు తమిళులెలా వచ్చారు? మనవాళ్ళలాగే అరవైల్లో ఓడ మీద మద్రాసులో దిగినవాళ్ళే. ఇక్కడ ఇమడలేక, నడిచైనా బర్మా వెళ్ళిపోదామని ఉత్తరానికి పోయారు. బర్మా రానివ్వలేదు. అటు పోలేక, ఇటు రాలేక సరిహద్దులోనే ఉండిపోయారు. సొంత దేశం వచ్చినవాళ్ళు అంత దూరం వెనక్కి ఎందుకు బయల్దేరతారో ఆలోచించండి.

ఇప్పుడు టిబెట్టు వాళ్ళను మా వాళ్ళతో పోల్చి చూద్దాం. చలికాలం రాగానే మన ఊళ్ళో స్వెట్టర్ల దుకాణాలు వేసేది వాళ్ళే. 1959లో దలైలామా వెంట, ఆ తర్వాత వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. మనకు దగ్గర్లో ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి వాళ్ళ ఊళ్ళున్నాయి. జిరాంగ్‌లో పెద్ద ఆరామం కట్టుకున్నారు, 2010లో దలైలామాయే వచ్చి ప్రారంభించారు. మనవాళ్ళు ఆదివారం కార్లేసుకుని వెళ్ళి ఫొటోలు దిగి, మోమోలు తిని వస్తారు. వాళ్ళ కష్టాలు నేను తక్కువ చెయ్యను. ఆ రిజిస్ట్రేషను కాగితాలు, అవి మాటిమాటికీ పొడిగించుకోవడం, ఎన్నేళ్ళున్నా పరాయివాళ్ళుగానే ఉండటం, ఇవన్నీ ఉన్నాయి. 1950 నుంచి 1987 జూన్ దాకా ఇక్కడ పుట్టినవాళ్ళు పుట్టుకతోనే భారత పౌరులని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పినా, ఆ పౌరసత్వం తీసుకుందామా వద్దా అని ఊగిసలాడినవాళ్ళు చాలామంది. తీసుకుంటే టిబెట్టును వదులుకున్నట్టవుతుందని భయం. కానీ ఒకటి. పరాయివాళ్ళని ఒప్పుకున్నాం కాబట్టి వాళ్ళ బడి వాళ్ళకుంది, వాళ్ళ భాష ఉంది, వాళ్ళ గుడి ఉంది. మా వాళ్ళకు దిగీ దిగగానే పౌరసత్వం ఉంది, ఓటు ఉంది, మిగతాదంతా ఇంట్లో అరలో పెట్టుకోవలసి వచ్చింది.

ఆ అర గురించి చెప్తాను.

మా ఇంట్లో దేవుడి అరలో సింహాద్రి అప్పన్న పటం, నూకాలమ్మ పటం, వాటి పక్కన జానెడు పాలరాతి బుద్ధుడు ఉండేవాడు. రంగూనులో హిందూ ఇళ్ళలో బుద్ధుణ్ణి పెట్టుకోవడం వింతేమీ కాదు. పగోడాకు వెళ్ళడమూ అంతే. ఇక్కడి చుట్టాలు ఆ బొమ్మ చూసి ఏమీ అనలేదు. "దశావతారాల్లో ఒకడే కదా, ఉండనీ" అన్నారు. ఎవరూ తీసెయ్యమనలేదు. గొడవ పడి తీసెయ్యమని ఉంటే ఇది మాది, వేరే సంగతి అని అమ్మమ్మ చెప్పుకునేదేమో. కలిపేసుకుంటే చెప్పుకోవడానికేముంటుంది? ఆవిడ బుద్ధుడు అవతారం కాదు. ఆయనకు కొబ్బరికాయ కొట్టదు, కోరిక కోరదు. పొద్దున్నే నీళ్ళు, పువ్వు, కాస్త అన్నం. మధ్యాహ్నం దాటాక అన్నం పెట్టదు, భిక్షువు మధ్యాహ్నం తర్వాత తినడు కాబట్టి. ఆ తేడా మా అమ్మక్కూడా తెలియదు.

వైశాఖంలో తదియ నాడు సింహాచలం చందనోత్సవం. ఆ నెల పౌర్ణమికి బర్మాలో బోధివృక్షానికి నీళ్ళు పోస్తారు, కసోన్ పండగంటారు. అమ్మమ్మ తదియకు కొండెక్కి నిజరూప దర్శనం చేసుకుని వచ్చేది, పౌర్ణమికి బిందె పట్టుకుని రావిచెట్టుకు నీళ్ళు పోసేది. మనకూ రావిచెట్టుకు నీళ్ళు పొయ్యడం అలవాటే కాబట్టి చూసినవాళ్ళకి ఆవిడ అచ్చం మన ముసలమ్మే. ఆవిడ పోసింది వేరే చెట్టుకని ఎవరికీ తట్టలేదు.

మా చిన్నమ్మ పెళ్ళి మాటలప్పుడు పురోహితుడు నక్షత్రం అడిగాడు. అమ్మమ్మ "బుధవారం మజ్జాన్నం పుట్టింది బాబూ" అంది. నక్షత్రం చెప్పమ్మా అంటే మళ్ళీ అదే మాట. బర్మాలో మనిషి జాతకమంతా పుట్టిన వారంలో ఉంటుంది. బుధవారాన్ని రెండు చేస్తారు. పొద్దుటిపూట పుడితే దంతాల ఏనుగు, మధ్యాహ్నం దాటాక పుడితే దంతాల్లేని ఏనుగు, అది రాహువు. గురువారానికి ఎలుక, శనివారానికి నాగు. రంగూనులోని ష్వేడగోన్ పగోడా చుట్టూ ఒక్కో వారానికి ఒక్కో మూల ఉంటుంది. ఎవరి మూలకు వాళ్ళు వెళ్ళి, అక్కడున్న బుద్ధుడి బొమ్మ మీద సొంత చేత్తో గిన్నెలతో నీళ్ళు పోస్తారు. పూజారి ఉండడు, మంత్రం ఉండదు. పురోహితుడు ఇదంతా విని, పేరుబలం చూసి ముహూర్తం పెట్టేశాడు. లోకజ్ఞానం ఉన్న మనిషి.

అమ్మమ్మకు విశాఖలో నచ్చిన గుడి బురుజుపేట కనకమహాలక్ష్మి. అమ్మవారికి పైకప్పు ఉండదు, మీకందరికీ తెలిసిందే. భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు రాసి, నీళ్ళు పోసి, పూజ చేసుకోవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మవారి మీద తన చేత్తో నీళ్ళు పోసి, అక్కడే నిలబడిపోయిందట. వెనక జనం తోసుకుంటున్నారు. "ఏటమ్మా, నడు" అంటున్నారు. ఇంటికొచ్చి అమ్మతో, "అక్కడ సేసినట్టే సేసినానే" అని ఒక్క మాట అందట. ఆ తర్వాత మార్గశిర గురువారాలు ఒక్కటి కూడా తప్పలేదు, ఎంత క్యూ ఉన్నా సరే. విశ్వాసం అంటే సిద్ధాంతాలు, శ్లోకాలు అని పుస్తకాలు రాసేవాళ్ళు అనుకుంటారు. ఊరు పోయినవాళ్ళకి అది ఎక్కువగా చేతుల్లో ఉంటుందని నా నమ్మకం. చేతికి తెలిసిన పని దొరికిన చోట వాళ్ళ ప్రాణం కాస్త కుదుటపడుతుంది.

తొట్లకొండ సంగతి కూడా చెప్పి తీరాలి. మా వాళ్ళు ఇక్కడ దిగినప్పటికి తొట్లకొండ, బావికొండ తవ్వనే లేదు, తవ్వకాలన్నీ ఎనభైల్లో మొదలయ్యాయి. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధారామాలు మన భీమిలి రోడ్డు పక్కనే మట్టికింద ఉన్నాయి. తొంభైల్లో ఒక ఆదివారం మేమంతా పులిహోర కట్టుకుని తొట్లకొండకు పిక్నిక్కు వెళ్ళాం. గేటు దగ్గరే అమ్మమ్మ చెప్పులు విడిచేసింది. ఎండాకాలం, నేల పెనంలా కాలుతోంది. కాపలా అతను పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఇది గుడి కాదు, పాత గోడలు. చెప్పులేసుకోవచ్చు" అన్నాడు. పాపం, మంచికే చెప్పాడు. "ఫయా కదా నాయనా" అంది ఆవిడ. బర్మాలో స్తూపాన్నీ, బుద్ధుణ్ణీ కూడా అలాగే అంటారు. కాళ్ళు కాలుతుంటే స్తూపం చుట్టూ తిరిగింది, మేం నీడలో కూర్చుని చూశాం.

అక్కడ చెప్పులంటే చిన్న విషయం కాదు. పగోడాల్లోకి బూట్లతో వచ్చే తెల్లవాళ్ళ మీద బర్మా బౌద్ధులు ఏళ్ళ తరబడి పోరాడారు. బర్మా జాతీయోద్యమం ఊపందుకున్నదే ఆ గొడవతో. చివరికి 1919లో ఆంగ్ల ప్రభుత్వం దిగొచ్చి, ఆ నిర్ణయం విహారాల పెద్దలకే వదిలేసింది. ఆ దేశం పట్టుబట్టి సాధించుకున్న మర్యాదను మా అమ్మమ్మ మన కొండ మీద పాటించింది. మనకది పిక్నిక్ స్పాటు.

ఇది హిందువుల కథే అనుకోకండి. మా వీధిలో బాప్టిస్టులుండేవారు. అమెరికా బాప్టిస్టు మిషనరీలు ముందు బర్మాలో పాతుకుని తర్వాత తెలుగునాట అడుగుపెట్టినవాళ్ళే. వాళ్ళలో జడ్సన్ అనే ఆయన అనువదించిన బర్మా బైబిలు 1840 నాటికే అచ్చయింది. మా వీధి పెద్దాయన క్రిస్మస్ ముందు రాత్రి తెలుగు కీర్తన ఒక చరణం, అదే వరసలో బర్మా మాటలు ఒక చరణం పాడేవాడు. ఆయన పిల్లలకు రెండో చరణం రాదు.

ఇక రాత సంగతి. అమ్మమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు, అది కూడా వాళ్ళ నాన్న ఓడెక్కిన నాటి తెలుగు. ఆ యాసకు బళ్ళో మా స్నేహితులు నవ్వేవారు. తెలుగు చదవడం, రాయడం రాదు. చదువుకున్నదల్లా బర్మా అక్షరాలు. బళ్ళో ఆవిడ పేరు కూడా వేరే, బర్మా పేరు. సింహాద్రి అప్పన్న మీద పెట్టిన పేరు ఇంట్లో పిలవడానికే. ఆవిడ పోయాక ట్రంకుపెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. దూరం నుంచి చూస్తే తెలుగే అనిపిస్తుంది, అంత గుండ్రంగా ఉంటాయి అక్షరాలు. దగ్గరికెళ్తే ఒక్కటీ చదవలేం. బర్మా భాషలో ఏదో రాసుకుందనుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత, బర్మాలో చదువుకుని వచ్చిన ఒక పెద్దావిడకు చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టింది. "శ్రీ... నివాసా... గోవిందా." అది గోవింద నామాలు. ఆ తర్వాత నూకాలమ్మ పాట, లాలిపాటలు, చేపల పులుసు కొలతలు. భాష తెలుగు, రాత బర్మా. మొత్తం చదివించుకునేలోగా ఆ పెద్దావిడ కూడా పోయింది. సగం పుస్తకం ఇంకా అలాగే ఉంది. ఇప్పటికీ బర్మాలో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది భజనలు అలాగే రాసుకుంటారు, కాబట్టి ఫొటోలు తీసి అటు పంపితే పని జరగొచ్చు. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ గద్దెనెక్కాక అక్కడివాళ్ళు దేన్నీ ఫోన్లో ఉంచుకోవడానికి జంకుతున్నారని విని ఊరుకున్నాను.

మిగిలిందేదైనా ఉంటే తిండి. ఖౌస్వే, మొహింగా అనే చేపల పులుసు నూడుల్స్ మిగిలాయి, ఎందుకంటే అవి అమ్ముడుపోతాయి. మద్రాసు బర్మా బజారు దగ్గర అతో అనే నూడుల్స్ బండ్లు నిలిచిందీ అందుకే. జనానికి నచ్చిందల్లా బతికింది, ఇంట్లో వాళ్ళకే అవసరమైంది పోయింది. సంస్కృతి అంటే సాయంత్రం బండి దగ్గర ప్లేటు అనుకుంటే మా బర్మా క్యాంపు దివ్యంగా ఉంది. ఆ బండి దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి మీ తాతగారిది బర్మాలో ఏ ఊరు అని అడగండి, చాలావరకు రంగూను అంటాడు. రంగూను దిగి లోపలికి పోయిన పల్లెల పేర్లు, మౌల్మీను పక్కన, పెగూ పక్కన ఉన్నవి, మా తరంలోనే పోయాయి.

హైదరాబాదు బాలాపూర్‌లో బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింలున్నారు, వాళ్ళ గురించి ఇక్కడ ఒకాయన అడుగుతారని తెలుసు, ముందువరసలో కాగితం మీద రాసుకుంటున్నారు. వాళ్ళ పౌరసత్వం తీసేసిన 1982 చట్టం, అదే దేశంలో మిగిలిపోయిన తెలుగువాళ్ళకు కూడా పూర్తి పౌరసత్వం అందకుండా చేసింది. అక్కడ గుర్తించిన 135 జాతుల్లో మన పేరు లేదు. మా మేనత్త పిల్లలు ఇంకా పూర్తి పౌరసత్వం లేని కార్డుల మీదే ఉన్నారు. మిగతాది ప్రశ్నల సమయంలో మాట్లాడుకుందాం.

ఒక పని మాత్రం చెప్పి కూర్చుంటాను. మీ ఇళ్ళల్లో ఆనాటి విదేశీయుల రిజిస్ట్రేషను కార్డులు, రాయబార కార్యాలయం ఇచ్చిన ప్రయాణ పత్రాలు, ఓడ టిక్కెట్లు, గుండ్రటి అక్షరాల నోటుబుక్కులు ఉంటే పాతసామాన్లవాడికి వెయ్యకండి. బయట వరండాలో మా అబ్బాయి స్కానరు పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం మీ దగ్గరే ఉంటుంది, బొమ్మ మాత్రం తీసుకుంటాడు. బర్మా చదవడం వచ్చిన పెద్దవాళ్ళెవరైనా ఈ సభలో ఉంటే, దయచేసి టీ తాగేదాకా వెళ్ళకండి, ఆ సగం పుస్తకం నా సంచీలోనే ఉంది.